క్లబ్బు నోటీసుకు టీకా తాత్పర్యములు

మూలము:
"గౌరవ సభ్యులకు మనవి. ఈ గురువారం రాత్రి 7.30 గంటలకు హోటల్లో మన రోటరీ క్లబ్ వారపు మీటింగ్. హాజరు తప్పనిసరి. అనంతరం ఫెలోషిప్."

అవతారిక:
కొత్తవారు చేరుట లేదు, ఉన్నవారు వచ్చుట లేదు అని ప్రెసిడెంటుగారు చింతించుచుండగా, ఆ చింతను పోగొట్టదలచి సెక్రటరీగారు పోయినవారపు సందేశమునే వాట్సాప్ గ్రూపులో మరల వేసిరి. "ఈ గురువారం" అనుటచేత తేదీ మార్చు శ్రమయు లేదు.

టీక:

గౌరవ సభ్యులకు = చందా కట్టినవారికి. 1989 వరకు రోటరీ నియమావళిలో ఈ పదము పురుషులకే చెల్లెడిది. కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బు ముగ్గురు స్త్రీలను చేర్చుకొన్న పాపమునకు 1978లో చార్టరు పోగొట్టుకొని, కోర్టుకెక్కి, 1987లో అమెరికా సుప్రీంకోర్టులో నెగ్గినది. మరి రెండేండ్లకు ప్రపంచమంతట స్త్రీలకు తలుపులు తెరచిరి. ముందు కదిలినది చిన్న క్లబ్బు, వెనుక కదిలినది పెద్ద సంస్థ.

హోటల్లో = బాంక్వెట్ హాలునందు. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో లాయరు పాల్ హారిస్, ఒక గనుల ఇంజనీరు, ఒక బొగ్గు వర్తకుడు, ఒక దర్జీ, ఈ నలుగురును కూడినది ఆ ఇంజనీరు ఆఫీసు గదిలో. పిమ్మట వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కూడుచుండుటచేతనే రోటరీ అను పేరు వచ్చినది. తిరుగుటకు పుట్టినది ఒక్క హాలులో పాతుకొనిపోవుట ఎట్లో వ్యాఖ్యాతకు బోధపడలేదు.

వారపు = వారమునకొకటియైన. ఇది ప్రాచీన పాఠము. 2016లో రోటరీ నియమములు చేయు కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ ఈ ముడి విప్పినది: నెలకు రెండు మీటింగులు చాలును, ఆన్‌లైనులోనైనను సరే, సేవా కార్యక్రమమునే మీటింగుగా లెక్కింపవచ్చును. ఈ సంగతి సెక్రటరీగారికి ఈమెయిల్లో వచ్చియే యుండును. తెరచిరా అనునది వేరు ప్రశ్న.

హాజరు తప్పనిసరి = రాకున్న మేకప్ చేయవలెనని భావము. మేకప్ అనగా ముఖమునకు పూసుకొనునది కాదు. తప్పిన మీటింగునకు బదులు 14 రోజుల లోపల వేరొక క్లబ్బు మీటింగులో కూర్చుండి లెక్క సరిచేసుకొనుట పూర్వాచారము. శంక: ఆదివారము రక్తదాన శిబిరమున పొద్దుటినుండి నిలబడి, గురువారము రాలేనివాడు హాజరైనట్లా, కానట్లా? సమాధానము: ఈ క్లబ్బు రిజిస్టరులో కానట్లే.

అనంతరం = అన్నియు ముగిసిన పిమ్మట. అన్నియు అనగా గంట కొట్టుట, ప్రెసిడెంటుకు కాలరు వేయుట, రోటరీ నీతిప్రశ్నలైన ఫోర్ వే టెస్ట్ చదువుట, పుట్టినరోజుల వారికి బొకేలు, ఆ బొకేలతో ఫొటోలు, పొరుగు క్లబ్బుతో బ్యానర్ల మార్పిడి. మిగిలిన పది నిమిషములు ముఖ్య అతిథివి. కిడ్నీ జబ్బులపై మాటాడవచ్చిన డాక్టరుగారు మూడవ స్లయిడునకు చేరునప్పటికి వెనుక గిన్నెల మూతలు లేచును, సభ్యుల తలలు అటు తిరుగును.

ఫెలోషిప్ = డిన్నరు. కొన్ని ఊళ్లలో ద్రవరూపమున ముందే ఆరంభమగును. కొత్తవారు చేరకపోవుటకు మూలము ఇచటనే యున్నదని వ్యాఖ్యాత మతము. కొత్తగా ఉద్యోగమున చేరిన పిల్లవాడు నెలనెలా ప్లేటు ధరతో కూడిన చందా కట్టలేడు. చంటిబిడ్డ తల్లి రాత్రి పదిన్నరవరకు కూర్చుండలేదు. వీరికి సేవాభావము లేదని పెద్దలు నిట్టూర్చుచు రెండవసారి స్వీటు వడ్డించుకొందురు.

తాత్పర్యము:
ఓ సభ్యులారా! ముడులు పైనుండి ఊడినవి, మీరే పట్టుకొని కూర్చుంటిరి. నెలకొక మీటింగు పొద్దున్నే కాఫీతో ముగించుడు. మరియొకటి ప్రభుత్వ పాఠశాల ఆవరణలో కళ్లజోళ్లు పంచుచు జరుపుడు. డిన్నరు ఖర్చును చందానుండి విడదీసి, తినినవారి యొద్దనే వసూలు చేయుడు. అయినను పెద్దలకు గురువారపు విందు విడువ మనసు రాదా, విడువవలదు. ఎనిమిదిమంది పిల్లలు దొరికిన మీ క్లబ్బు నీడనే శాటిలైట్ క్లబ్బు పెట్టింపవచ్చును, వారి వేళలు వారు పెట్టుకొందురు. అయితే మార్పు నోటిమాటగా చాలదు, క్లబ్బు బైలాసులో వ్రాసికొనవలెను. సెక్రటరీగారూ, జూలై 1న ప్రెసిడెంటు మారి కాలరు చేతులు మారకముందే ఆ సవరణను ఓటుకు పెట్టించుడు. ఈ గురువారపు నోటీసులో ఆ ఓటు సంగతి ఒక్క వాక్యమున చేర్చుడు.