గతిలేని గొంతుకు అయిదింతలు

తాగునీళ్లలో ఏది ఎంతవరకు ఉండొచ్చో చెప్పే ఐఎస్ 10500 అనే సర్కారీ గ్రంథాన్ని మన విమర్శకులు ఇంకా పట్టించుకోలేదు. 2012 ముద్రణలో ఆర్సెనిక్ వరస చదవండి. మొదటి గడిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము, ఆమోదయోగ్యం. పక్క గడిలో 0.05, 'వేరే నీళ్లు దొరకనప్పుడు' తాగొచ్చు. అంటే ఇంకో చేతిపంపు ఉన్నవాడికి పనికిరాని నీళ్లు, లేనివాడికి అయిదింతల విషంతోనైనా మంచినీళ్లే. పేదవాడి కాలేయం మీద సర్కారుకు ఎంత నమ్మకం!

ఆర్సెనిక్‌కు మాత్రం గళ్లు చదవడం రాదు. 1983లో కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి రోగులొచ్చారు. ఒళ్లంతా మచ్చలు, అరచేతులూ అరికాళ్లూ కాయలు కాసినట్టు గట్టిపడ్డాయి. వాళ్లు తాగింది ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్లు. చెరువు నీళ్లు తాగితే విరేచనాలతో పోతారని, వాళ్ల మేలుకోరి వేయించిన బోర్లు! రంగు లేదు, వాసన లేదు, రుచికి వంక పెట్టడానికి లేదు.

2012 ముద్రణ తర్వాత సవరణ తెచ్చి ఆర్సెనిక్ వరసలో ఆ రెండో గడి ఎత్తేశారు. అప్పటిదాకా దాని ప్రకారం తాగినవాళ్ల ఒంట్లోంచి ఎత్తేసే సవరణ ఇంకా రాలేదు.

సీసం, పాదరసం, కాడ్మియం దగ్గర మాత్రం మొదట్నుంచీ 'సడలింపు లేదు' అనే రాశారు. శభాష్ అనబోయేలోపు చిన్న సంగతి: కుళాయి నీళ్లిచ్చే మున్సిపాలిటీ ఈ పుస్తకాన్ని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. సీసాల్లో అమ్మే నీళ్లకైతే 2001లోనే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు, 2024 దాకా ఆ నిబంధన ఉండేది. కొనుక్కునేవాడికి చట్టం, పన్ను కట్టేవాడికి సలహా.

2019 నవంబరులో కేంద్రమంత్రి రాంవిలాస్ పాస్వాన్ నగరాల కుళాయి నీళ్లకు ర్యాంకులు ప్రకటించారు. ఢిల్లీలో పట్టిన 11 నమూనాలకు 11 తప్పాయి. అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ అది రాజకీయం అన్నారు. పైపుల గోల ఎవరికీ పట్టలేదు కానీ, శాంపిళ్ల మీద మాత్రం తగువు జోరుగా సాగింది.

మన ఊళ్లలో ఆ తగువు కూడా లేదు. ఇరవై లీటర్ల క్యాను గడపలోకి వచ్చాక కుళాయి అంట్లు తోముకోవడానికే. ఆ క్యాను నింపిన ప్లాంటును ఎవరు పరీక్షించారని అడిగితే, డెలివరీ కుర్రాడు మూత మీది స్టిక్కరు చూపిస్తాడు.

మంచినీటి పథకం మీద సమీక్షా సమావేశం ఫొటో ఈసారి పేపర్లో పడితే బల్ల మీద చూడండి. ప్రతి కుర్చీ ముందూ సీలు తీయని బాటిలు. 'సరఫరా నీళ్లు నూటికి నూరుపాళ్లు సురక్షితం' అని ప్రకటించేముందు అధికారులు గొంతు తడుపుకునేది దాంతోనే.