బుడగోపాఖ్యానానికి టీకా తాత్పర్యం

మూలము: అయిదు సీసాల మూతులకు అయిదు బుడగలు తొడిగిరి. అరగంటలో నాలుగు లేచె. పాలచక్కెరది లేవదాయె.

టీక: సీసాలు అనగా పెనుగంచిప్రోలులో తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసాలు, అన్నింటిలో ఒకే కొలత గోరువెచ్చని నీళ్లు, ఒకే తూకం బేకరీ ఈస్టు. బుడగలు అనగా తిరుపతమ్మ తిరునాళ్లలో పిల్లలు మారాం చేసి కొనిపించుకొన్నవి. (మారాం కూడా పరిశోధన ఖర్చేనని వ్యాఖ్యాత మతం.) తీపులు గ్లూకోజు పొడి, పంచదార, బెల్లం, తేనె, హోమియో మందుల షాపులో దొరికే పాలచక్కెర, తలా 5 గ్రాములు. లేచె అనగా ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చగా ఆ వాయువు బుడగలో చేరె. లేవదాయె అన్నచోటే గ్రంథసారమంతా ఉన్నది.

తాత్పర్యం: బుడగ కొలిచేది తీపిని కాదు, ఈస్టు చేతనైనతనాన్ని. పంచదార అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు ముడిపడిన జంట. ఆ ముడి విప్పే ఇన్వర్టేజు ఈస్టు దగ్గర పుష్కలం, కనుక పంచదార ఇంచుమించు గ్లూకోజుతో సమంగా లేస్తుంది. పాలచక్కెరలో గ్లూకోజుకు జత గాలక్టోజు. ఆ జంటను విడదీసే లాక్టేజు బేకరీ ఈస్టుకు లేదు. తీపే కారణమైతే ఫ్రక్టోజు ముందు ఖర్చు కావాలి, నాలుకకు అది గ్లూకోజుకంటే ఎంతో తీపి. తేనెలో రెండూ ఉన్నా ఈస్టు ముందుగా తరిగించేది గ్లూకోజునే. బెల్లం పంచదారను దాటిపోతే ఆశ్చర్యం లేదు: అందులో కొంత చక్కెర ముందే విడిపోయి ఉంటుంది, పైగా ఫాస్ఫేటు వంటి ఖనిజ లవణాలున్నాయి. ఈస్టు రసానికి ఫాస్ఫేటు కలిపితే పులియడం జోరందుకుంటుందని హార్డెన్, యంగ్ అనే శాస్త్రవేత్తలు 1906 నాటికే చూపారు.

పూర్వపక్షి ఊరుకోడు. తాటికల్లులో ఈస్టు ఎవరు వేశారు, తీపి ఉంది గనుకనే పొంగింది కదా అంటాడు. ముంతకు అంటిన పాత మడ్డిలోనే ఈస్టు ఉంది. ముంత లోపల సున్నం పూసి దించితే అదే తీపి నీరాగా నిలుస్తుంది. తీపి తరగకుండానే పొంగు ఆగింది. పాలు పులిసి పెరుగు కావడం లేదా అంటాడు. తోడులో పనిచేసేది బాక్టీరియా. అది పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లం చేస్తుందే గాని చెప్పుకోదగ్గ వాయువు పుట్టించదు, కనుకనే తోడుపెట్టిన గిన్నె మీద మూత కదలదు. అరగంటలో చూసిన ఎత్తు మొత్తం లెక్క ఎలా అవుతుందన్నది మాత్రం న్యాయమైన ఆక్షేపణే. 5 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే లీటరుకు పైగా వాయువు రావాలి. అరగంట బుడగ వేగాన్నే చెబుతుంది, రాత్రంతా ఆగాలి. చివరికి, ఆ అయిదో సీసాలో ఈస్టు చచ్చిందేమోనంటాడు. అందులోనే చెంచాడు పంచదార వేసి బుడగ మళ్లీ తొడిగితే కాసేపటికి లేస్తుంది. ఇక అతనికి అనుమానించడానికి హోమియో షాపువాడే మిగులుతాడు.