తొమ్మిదంగుళాల చిత్రిక: టీకా తాత్పర్య సహితం

మూలం

"ఇనప చిత్రిక, తొమ్మిదంగుళాలు. బ్లేడు ఇస్టీలే. సరుకు గట్టిది బాబూ. పట్టుకెళ్లినాక వాపసు లేదు."

అవతారిక

ఈ మంత్రానికి ఋషి కాశీబుగ్గ హార్డ్‌వేరు వర్తకుడు, ఛందస్సు బేరం, దేవత గల్లాపెట్టె. వానాకాలంలో ఉబ్బిన తలుపు గడపకు ఒరుసుకునే గృహస్థుల బాధా నివారణార్థం వినియోగం. మెదకు సీమ కొలిచారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడు ఆ మాట ఇవ్వలేడు. చిత్రిక విషయంలో తెలుసుకోవలసినవన్నీ మూలంలో లేనివే.

ప్రతిపదార్థం

ఇనప = పోత ఇనుముతో చేసినట్టిది. పాతకాలపు వడ్రంగులు గట్టి చెక్కను తొలిచి, బ్లేడు పెట్టి, చెక్క చీల బిగించి తమ చిత్రిక తామే చేసుకునేవారు. అడుగు అరిగితే ఇంకో చిత్రికతో దాన్నే సాపు చేసేవారు. పోత ఇనుముకు ఆ వెసులుబాటు లేదు. పోత పోశాక లోపలి ఒత్తిళ్లు సర్దుకునేదాకా ఆగాలి, లేదా మళ్లీ కాచి చల్లార్చాలి. ఆ ఓపిక లేక వెంటనే అడుగు గ్రైండింగు చేస్తే, తర్వాత అది తన ఇష్టం వచ్చినట్టు వంగుతుంది. చవక చిత్రికలో మిగుల్చుకున్న మొదటి ఖర్చు ఇదే.

తొమ్మిదంగుళాలు = నాలుగో నంబరు నమూనా. అమెరికాలో లెనార్డ్ బెయిలీ రూపొందించగా, 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన పేటెంట్లు కొనుక్కుంది. అవి చెల్లిపోయాక 1931 నుంచి షెఫీల్డులో రికార్డ్, ఆ తర్వాత మన దేశంలో అనంత్, గ్రోజ్ అదే రూపాన్ని పోతపోశాయి. కనుక రూపం చూసి నమ్మరాదు. వెయ్యికి అటూ ఇటూగా దొరికేదానికీ, మూడొందల డాలర్లు దాటే అమెరికా లై-నీల్సన్‌కూ బొమ్మ ఇంచుమించు ఒక్కటే.

చిత్రిక = చెక్కను పల్చని పొరలుగా లేపి సాపు చేసేది. దీని దోషాలను ఆయుర్వేదం రోగాలను విభజించినట్టు సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, అసాధ్యం అని విడదీయాలి. ధర కంటే ముందు చూడవలసింది ఈ విభాగమే. పోతలో పగులు, బ్లేడు ఆనే వాలుపీట మెలిక అసాధ్యాలు. పైసా తగ్గించినా కొనరాదు. ప్లాస్టిక్ పిడి, లోతు తిప్పే చక్రంలో లూజు, పెచ్చులూడే రంగు సుఖసాధ్యాలు. వీటిని చూపి బేరమాడవచ్చు. కొత్త బ్లేడుకు పదును లేదని తిట్టుకోవడం మాత్రం, ఉడకలేదని బియ్యాన్ని తిట్టుకోవడమే.

కృచ్ఛ్రసాధ్యం అడుగు వంపు. బ్లేడు బిగించి, అంచు లోపలికి లాగి, స్టీలు స్కేలు అంచును అడుగున నిలబెట్టి వెలుతురుకు పట్టి చూడాలి. బ్లేడు బిగించకుండా చూస్తే లెక్క తప్పుతుంది, బిగింపుకే పోత కొంచెం వంగుతుంది కాబట్టి. ముక్కు, బ్లేడు బయటికొచ్చే నోటి ముందు అంచు, మడమ ఒకే మట్టంలో ఉంటే చాలు. నడుమ పల్లాలు పనికి అడ్డురావు.

వంపు తీయడానికి విదేశీ వడ్రంగులు మందపాటి అద్దాలు, కొలతగదుల గ్రానైటు బల్లలు వెతుక్కుంటారు. టెక్కలి వారికి ఆ బాధ లేదు. చుట్టుపక్కల పాలిష్ యూనిట్ల దగ్గర మిగిలిపోయిన మూరెడు గ్రానైటు ముక్క దొరికితే సరి. ముందు స్కేలు దానికే పెట్టి చూసి, మీద 80 నంబరు ఎమెరీ కాగితం అంటించి, చిత్రిక అడుగున మార్కరుతో అడ్డగీతలు గీసి రుద్దాలి. చెరిగిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. చెయ్యి ఊగిందా, అంచులు గుండ్రబడి రోగం ముదురుతుంది.

బ్లేడు ఇస్టీలే = ఏకారం అవధారణార్థకం. అడక్కుండానే నొక్కి చెప్పడం వల్ల శంక పుడుతుంది. స్టీలన్నది నిజం, కాచి గట్టిపరిచారా అన్నది మూలం చెప్పదు. అంచు దగ్గర ఆకురాయి జారితే గట్టిది, కొరికితే మెత్తది. మంచి బ్లేడు రాక్‌వెల్ కొలతలో సుమారు 58 నుంచి 62 ఉంటుంది. పదును పట్టేటప్పుడు గ్రైండరు మీద అంచు నీలం తిరిగితే ఆ గట్టిదనం పోయినట్టే.

ఉద్దానంలో బ్లేడును పరీక్షించే చెక్కకు కొదవ లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి, పనస తోటలను నేలకూల్చింది. ఆ చెట్ల తీరు వేరువేరు. కొబ్బరి మాను అంచున గట్టి, నడుమ మెత్తన. మెత్తని బ్లేడు గుట్టు ఆ అంచు దగ్గరే బయటపడుతుంది. బొబ్బిలి వీణ చెక్కే పనస, నార ఎదురు తిరిగిన చోట పెచ్చులు లేస్తుంది. అప్పుడు బ్లేడు వీపున బిగించే రేకును అంచుకు అర మిల్లీమీటరు కంటే దగ్గరకు జరపాలి. రేకుకూ బ్లేడుకూ సందుంటే పొట్టు అందులో ఇరుక్కుంటుంది. కొన్నవాడు చిత్రికను తిట్టి అటక మీదికి విసురుతాడు. ఐదు నిమిషాలు రాయి మీద రుద్ది ఆ సందు తీసేస్తే సరిపోయేది.

గట్టిది = బరువైనది. అతివ్యాప్తి దోషం. బరువే నాణ్యతకు లక్షణమైతే సమ్మెట మేలైన చిత్రిక అవుతుంది.

బాబూ = సంబోధన. ఇది పడ్డాక ధర దిగదు.

తాత్పర్యం

ఆ ధరకు వర్తకుడు అమ్మింది పోత, బ్లేడు. సాపు చేసే కూలి బిల్లులో రాయలేదు. అది కొన్నవాడి ఆదివారం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా వోచరు ఇస్తారు. అందులో చిత్రిక వాటా ఎంతైనా, ఇనుముకు తగ్గించి బ్లేడుకూ సానరాయికీ పెంచమని టీకాకారుడి మతం.

పాఠాంతరం

"వాపసు లేదు" అన్నచోట కొన్ని దుకాణాల్లో "బిల్లుంటే మారుస్తాం" అని వినవస్తుంది. ఇదే గ్రాహ్యం. 2020 జులై నుంచి అమలైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చెప్పింది. బిల్లు ఇవ్వకపోవడాన్నీ అందులోనే చేర్చింది. కాబట్టి పగులూ మెలికా చూసే పని ఎమెరీ కాగితం అంటించక ముందే ముగించాలి. అడుగు రుద్దేసిన చిత్రికను పట్టుకెళితే, ఆ వంపు ఎవరిదన్న వాదానికి ఏ టీకా చాలదు.