మెయిన్ ఎందుకు దండగ!

ప్రతి వీధిలోనూ ఒక బాబాయి ఉంటాడు. వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్ కాడు. ఏ సహకార బ్యాంకులోనో జీవితమంతా లెడ్జర్లు రాసి రిటైరైనవాడు. జేబులో కళ్ళజోడు మర్చిపోతాడేమో గానీ టెస్టర్ మర్చిపోడు. మన ఇంట్లో ఫ్యాను ఆగిందన్న కబురు ఆయనకి ఎవరు మోస్తారో తెలీదు. మనం ఎలక్ట్రీషియన్ నంబరు వెతుక్కునేలోపే గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు.

"ఈ మాత్రందానికి వాడెందుకు? స్టూలు పట్రా."

ఆయన స్టూలెక్కాక మనం నసుగుతూ అడుగుతాం. "బాబాయిగారూ, మెయిన్ ఆపమంటారా?"

"మెయిన్ ఎందుకు దండగ! ఫ్రిజ్జు ఆగిపోదూ? అవతల మీ అమ్మ సీరియల్ చూస్తోంది కూడాను."

ఇంటికొచ్చే 230 వోల్టులతో ఆయనకి ఏదో చుట్టరికం. జేబులో టెస్టర్ ఉన్నా వాడడు. చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో తీగని అలా తాకి, నాడి చూసిన వైద్యుడిలా "ఆఁ, ఉంది" అంటాడు. అదేమిటని అడిగితే పాఠం మొదలు. "అరచేత్తో ముడితే పట్టేస్తుందిరా, వెనకవైపుతో ముడితే విదిలిస్తుంది." ఇందులో సగం నిజమే. మన ఇళ్ళకొచ్చే ఏసీ కరెంటు ఓ పది మిల్లీ ఆంపియర్లు ఒంట్లోకి దిగితే చాలు, ముంజేతి కండరాలు బిగుసుకుపోతాయి. పిడికిలి వదలాలన్నా వదలదు. బాబాయి శాస్త్రమంతా ఇలాగే ఉంటుంది. సగం సైన్సు, మిగతా సగం ఆయన అదృష్టం.

ప్లగ్గు ఆయన దృష్టిలో విలాస వస్తువు. వైరు కొసలు పళ్ళతో ఒలుస్తాడు, సాకెట్ కన్నాల్లో దూరుస్తాడు, రెండు అగ్గిపుల్లలు గుచ్చి బిగిస్తాడు. త్రీపిన్ ప్లగ్గు చేతికొస్తే పైనున్న లావుపాటి పిన్నుని కోసి పారేస్తాడు. "కంపెనీవాడి దుబారా!" ఆ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఉండేది కావాలనే. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్తు ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి. గ్రైండరు లోపల ఫేజు తీగ ఇనప ఒంటికి తగిలిందంటే, ఆ కరెంటు మన మీదుగా పోకుండా భూమిలోకి పోయే దారి అదే. బాబాయి ఇంట్లో ఆ దారి పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పాతిన గొట్టం దగ్గర తేలాలి. గృహప్రవేశం తర్వాత దానికి చుక్క నీరు పోసినవాళ్ళు లేరు. ఇప్పుడు దాని మీద గులాబీ కుండీ ఉంది.

ఫ్యూజు పోతే మరీ సంబరం. సన్నటి ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట పాత వైరులోంచి పీకిన రాగి పోగులు మెలేసి బిగించి, "ఇంక ఈ జన్మలో పోదు" అంటాడు. పోదు మరి. ఈసారి కాలేది గోడలోపలి వైరింగు.

ఇవన్నీ చూడలేక హైదరాబాదులో ఉన్న కొడుకు వచ్చి ఆర్‌సీసీబీ అనే డబ్బా పెట్టించి వెళ్ళాడు. ముప్పై మిల్లీ ఆంపియర్లు దారి తప్పి లీకయితే రెప్పపాటులో కరెంటు కట్టేసే పరికరం అది. పెట్టిన మర్నాటి నుంచీ పడిపోవడం మొదలెట్టింది. బాబాయి ఓ వారం తిట్టి, చివరికి దాన్ని పక్కకి తప్పించి తీగలు నేరుగా కలిపేశాడు. ఇల్లు ప్రశాంతమైంది. కాకపోతే స్నానాల గదిలో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని పిన్ని అంది.

"చలికాలం కదే."

పిన్ని మారు మాట్లాడలేదు. ఆయన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళిన పూట చూసి అసలు ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. గీజరు లోపలి రాడ్డు చిట్లి, కరెంటు నీళ్ళలోకి దిగుతోంది. డబ్బా అన్నాళ్ళూ మొత్తుకున్నది ఆ సంగతే.

కరెంటుతో ఇలా చెలగాటమాడడంలో బాబాయి ఒంటరివాడేం కాదు. 1750లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు కరెంటుతో టర్కీ కోడిని చంపబోయి, ఆ దెబ్బ తనే తిని ఒళ్ళు తెలీకుండా అయిపోయాడు. అయితే ఆయన తప్పు తనదేనని, సిగ్గుగా ఉందని ఉత్తరం రాశాడు. బాబాయి మాత్రం "బోర్డు బిగించినవాడు వెధవ" అంటాడు.

సాయంత్రం అరుగు మీద షాకుల పురాణం. స్టార్టర్ పెట్టె ముట్టుకుంటే గట్టు అవతల పడిన ఘట్టం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ రాకముందే ఫ్యూజు వేసిన ఘట్టం. వింటున్న కుర్రాళ్ళ కళ్ళు మెరుస్తుంటాయి. నాకు భయం వేసేది అక్కడే. షాకు కథలు చెప్పేవాళ్ళందరూ బతికినవాళ్ళే కదా, రెండోరకం వాళ్ళు అరుగు మీదకి రారు. ఒళ్ళు పొడిగా ఉంటే చర్మం పదివేల ఓములకు పైగా అడ్డుకోవచ్చు, తడిస్తే వెయ్యికి దిగిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. లెడ్జర్లు ఏలిన బాబాయి ఈ ఒక్క భాగహారమూ ఎన్నడూ వెయ్యలేదు. వేసవిలో కూలర్లో నీళ్ళు పోస్తూ, వానాకాలం ఇనప తీగ దండెం మీద బట్టలారేస్తూ పోయినవాళ్ళకి ఆ లెక్క వేసుకునే వ్యవధే దొరకలేదు. అడవిపందులకని కంచెకి కరెంటు కలిపేవాడిదీ బాబాయి వంశమే. కాకపోతే వాడి ధైర్యానికి పక్కపొలం వాళ్ళ ప్రాణం పోతుంది.

ఆ ఇంట్లో ఇంజినీరంటూ ఉంటే పిన్నే. ఆయన స్టూలెక్కినప్పుడల్లా పొడి గుడ్డ మీద నిలబడి, చేతిలో ఎండు రోకలి పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. కరెంటు పట్టుకున్న మనిషిని చేత్తో లాగితే ఒకరి బదులు ఇద్దరవుతారని, ముందు మెయిన్ కట్టాలని, వీల్లేకపోతే ఎండుకర్రతో తప్పించాలని ఆవిడకి తెలుసు. 108 నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టింది కూడా. బాబాయి మాత్రం ఆ రోకలి తనని కొట్టడానికే అనుకుంటాడు. ఆ అనుమానమూ పూర్తిగా తప్పని చెప్పలేం.

మీ వీధి బాబాయి మీ ఇంట్లో స్టూలెక్కితే వాదన పెట్టుకోకండి. కాఫీ తెస్తానని లోపలికెళ్ళి మెయిన్ ఆపేయండి. చీకట్లో నిలబడి మిమ్మల్నీ, సబ్‌స్టేషన్‌నీ, ప్రభుత్వాన్నీ వరసపెట్టి తిడతాడు. తిట్టనివ్వండి.