36 రోజుల కెప్టెన్

కాంతి కంటే వేగంగా ఓడ వెళ్తుందన్నారు, వెళ్లనిమ్మన్నాడు. మనిషిని అణువణువుగా విడదీసి ఇంకో గ్రహం మీద మళ్లీ పోతపోస్తామన్నారు, అలాగే కానిమ్మన్నాడు. ఆకుపచ్చ నెత్తురు తండ్రికీ ఎర్ర నెత్తురు తల్లికీ పుట్టిన మిస్టర్ స్పాక్‌ను చూసి ముచ్చటపడ్డాడు. నక్షత్రమండలంలో ఏ మూలకు పోయినా ఎదురైన ప్రాణి నోరు తెరవగానే అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడుతుంటే శ్రద్ధగా విన్నాడు. ఇన్ని కొండలు మింగినవాడి గొంతుకు చివరికి ఒక అక్షరం అడ్డుపడింది. సమాధిరాయి మీద కెప్టెన్ పేరు మధ్యలో 'టి' ఉండాల్సిన చోట 'ఆర్' ఉంది!

స్టార్ ట్రెక్ అభిమానికి అప్పట్నించీ నిద్ర లేదు.

సంగతి పాతదే. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో ఈ సీరియల్ మొదలైంది. సరిగ్గా రెండు వారాలకు వచ్చిన ఎపిసోడ్‌లో గ్యారీ మిచెల్ అనేవాడికి దైవశక్తులు పట్టుకుంటాయి. పాత స్నేహితుడైన కెప్టెన్ కిర్క్‌ను పాతిపెట్టడానికి గొయ్యి సిద్ధం చేసి, ఉత్త చేతుల్తో రాయి పుట్టించి, దాని మీద పేరు కూడా చెక్కేస్తాడు: జేమ్స్ ఆర్. కిర్క్. ఆ నడిమి అక్షరం 'టి' అనీ, టి అంటే టైబీరియస్ అనీ తర్వాత్తర్వాత ఖాయమైంది. ఆ ఎపిసోడ్ తీసేనాటికి సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ బృందం అంతదూరం ఆలోచించలేదు, అంతే. మీకూ నాకూ అక్కడితో సరి. అభిమానికి సరిపోదు. 'ఆర్' అనేది స్నేహితుల మధ్య పాత వేళాకోళం అంటాడు ఒకడు. కాదు, ఆ కథే వేరే విశ్వంలో జరిగిందంటాడు ఇంకొకడు. సర్వశక్తులూ వచ్చినవాడికి వర్ణక్రమం కూడా రావాలని ఎక్కడుంది అంటాడు మూడోవాడు. ముగ్గురిలో నాకు నచ్చింది ఈయనే.

అదే రాయి మీద పేరు కింద అంకెలున్నాయి: 1277.1 నుంచి 1313.7 దాకా. వీటిని స్టార్‌డేట్లంటారు. వీటి గురించి రచయితలకు నిర్మాతలిచ్చిన గైడులో ఉన్న ఉపదేశం ఏమిటంటే, తోచిన నాలుగంకెలు వేసుకోండి, చివర ఒక దశాంశం తగిలించండి, ఒకటి పెరిగితే ఒక రోజు గడిచినట్టు, దీని గురించి మరీ బుర్ర పాడుచేసుకోకండి. ఆ లెక్కన జననానికీ మరణానికీ మధ్య 36 రోజులు, పైన చిల్లర. ఉగ్గుపాలు మానకముందే ఆ పసివాడు నాలుగువందల పైచిలుకు సిబ్బందిని ఏలాడన్నమాట! పుట్టినరోజని ఎవరన్నారు, ఓడ పగ్గాలు పట్టిన రోజు కాకూడదా అని వెంటనే ఒక సర్దుబాటు వస్తుంది. బుర్ర పాడుచేసుకోవద్దని చెప్పింది రచయితలకే కదా, ప్రేక్షకులకు కాదు.

ఈ లొసుగుల్లో చాలావాటికి తల్లి ఒక్కతే. డబ్బు లేకపోవడం. ఓడ వారం వారం ఓ గ్రహం మీద దిగడాన్ని చిత్రీకరించే స్తోమత లేకే మనిషిని తళుకుల్లో మాయం చేసి కింద తేల్చే యంత్రం పుట్టింది. 1967లో క్లింగాన్లు అనే శత్రుజాతిని చూపాల్సి వస్తే మొహానికి ముదురురంగు పూసి, గడ్డాలూ మీసాలూ అతికించి సరిపెట్టారు. 1979 సినిమా నాటికి చేతిలో నాలుగు డబ్బులాడాయి, క్లింగాన్ల నుదుటి మీద ఎముకల గట్లు మొలిచాయి. మొలిస్తే మొలిచాయిలే అని ఊరుకుంటే అభిమాని ఎందుకవుతాడు? ఏ జాతికైనా పన్నెండేళ్లలో నుదురు మారుతుందా అని నిలదీశాడు. 1996లో వచ్చిన ముప్పయ్యేళ్ల పండగ ఎపిసోడ్‌లో వర్ఫ్ అనే క్లింగాన్‌ను తోటివాళ్లు ఇదే అడిగితే, ఆ సంగతి బయటివాళ్లతో మాట్లాడం అని మొహం తిప్పుకుంటాడు. ఇంత కంటే మంచి జవాబు ఈ సీరియళ్ల చరిత్రలోనే లేదు. ఆ రోజుతో గొడవ ముగిసిపోవాల్సింది.

2005లో మళ్లీ కెలికారు. ఏకంగా రెండు ఎపిసోడ్లు పెట్టి, మనుషుల జన్యువులతో క్లింగాన్లు ప్రయోగాలు చేశారనీ, అది వికటించి వైరస్ పుట్టిందనీ, దాంతో నుదుళ్లు నున్నబడ్డాయనీ వివరించారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఇప్పుడు కొత్త ప్రశ్న లేచింది. 1967లో నున్నటి నుదుటితో కనిపించిన కోర్ అనే సేనాని, 1994లో అదే నటుడితో మళ్లీ వచ్చినప్పుడు గట్లతో ఉన్నాడు కదా, అవి ఎలా మొలిచాయి? ప్లాస్టిక్ సర్జరీ అట.

ఇక చెకోవ్ కేసు. 1982 సినిమాలో ఖాన్ అనే ప్రతినాయకుడు ఓడ అధికారి చెకోవ్‌ను చూడగానే గుర్తుపట్టి, ఒకసారి చూసిన మొహం మర్చిపోనంటాడు. ఖాన్ తొలిసారి ఓడెక్కిన ఎపిసోడ్ ప్రసారమైంది 1967 ఫిబ్రవరిలో. చెకోవ్ అనే పాత్ర తెర మీదికొచ్చిందే ఆ సెప్టెంబర్‌లో. ఇంకా లేని మనిషి మొహం ఎలా గుర్తుంటుంది? ఇక్కడ అభిమాని స్టార్‌డేట్ల కట్ట విప్పుతాడు. ఖాన్ ఎపిసోడ్ 3141.9. చెకోవ్ ఉన్న 'క్యాట్స్‌పా' 3018.2. అంటే టీవీలో వెనక వచ్చినా కథలో ముందే జరిగింది. చెకోవ్ అప్పటికే ఓడలో ఉన్నాడు, కెమెరాయే అటు తిరగలేదు! తోచిన అంకెలు వేసుకోమన్న గైడు పుణ్యమా అని కేసు గెలిచారు. ఒప్పుకోవాలి, ముచ్చటైన వకాల్తా ఇది. చెకోవ్‌గా వేసిన వాల్టర్ కోనిగ్ మాత్రం అభిమానుల సభల్లో తన సాక్ష్యం తాను చెబుతుంటాడు: ఖాన్ బాత్‌రూం బయట ఉగ్గబట్టుకుని నిలబడ్డాడట, లోపల గడియ పెట్టుకుని తీరిగ్గా ఉన్నది చెకోవ్ అట, ఆ మొహాన్ని ఖాన్ ఎలా మర్చిపోతాడు? జోకు వేసి నటుడు నవ్వేస్తాడు. ఓడలో బాత్‌రూం ఎన్నో అంతస్తులో ఉందండీ అని హాల్లో ఒక చెయ్యి లేస్తుంది.

ఆ ఖాన్ గారి జాతకం మనవాళ్లూ ఒకసారి చూడాలి. 1967 ఎపిసోడ్ చెప్పిన చరిత్ర ప్రకారం ఖాన్ నూనియన్ సింగ్ 1992 నుంచి 1996 దాకా ఆసియా మొదలు మధ్యప్రాచ్యం వరకు, ప్రపంచంలో నాలుగోవంతుకు పైగా ఏకచ్ఛత్రంగా ఏలాడు. ఆ ఏళ్లలో ఢిల్లీలో ప్రధాని కుర్చీలో ఉన్నది వంగర పీవీ నరసింహారావు గారు. ఆయన మౌనానికి ఇన్నాళ్లూ ఎన్ని భాష్యాలు విన్నామో! పైన ఒక చక్రవర్తి ఉన్నాడనీ, ఫైళ్లు అక్కడ ఆగిపోయేవనీ ఒక్క విలేకరికీ తట్టలేదు. 1996లో ఖాన్ ఓడిపోయి అంతరిక్షంలోకి పారిపోయాడని సీరియల్ చెప్పింది. కాంగ్రెస్ ఓడిపోయిందని మన పేపర్లు చెప్పాయి. సగం నిజమే అయిందని వదిలేయొచ్చు. వదల్లేదు. 2023లో ఇంకో ఎపిసోడ్ వచ్చి, కాలప్రయాణికులు చరిత్రలో వేలు పెట్టినందువల్ల ఖాన్ పుట్టుక కొన్ని దశాబ్దాలు వాయిదా పడిందని తేల్చింది.

ఇంత భూతద్దం పెట్టి గాలించినవాళ్ల కంటికి అసలు ఖాన్ ఎలా ఆనలేదో నాకు అంతుబట్టదు. ఇతను ఉత్తర భారతదేశంవాడు, బహుశా సిక్కు అని ఓడలోని చరిత్రకారిణి చూడగానే చెబుతుంది. గడ్డం లేదు. తలపాగా లేదు. ఆవిడ గీసిన బొమ్మలో మాత్రం ఉంది. వేషం కట్టింది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్బాన్. సిక్కు తల మీద తలపాగా ఏదని అడగని నోరు చెకోవ్ డ్యూటీ చార్టు అడిగింది. 2013 సినిమాలో ఆ సింగ్ గారు కాస్తా తెల్లటి బెనెడిక్ట్ కంబర్‌బాచ్ అయ్యారు. అప్పుడు కొందరు గట్టిగానే అరిచారు, కాదనను. సంజాయిషీగా ఒక కామిక్ పుస్తకం వచ్చింది. అందులో ఖాన్‌కు సర్జరీ చేసి మొహం మార్చారట. మళ్లీ సర్జరీయే. ఆ లోకంలో వైద్యులకు వేరే పని ఉన్నట్టు లేదు.

పాత సీరియల్ ఆఖరి ఎపిసోడ్ 1969 జూన్ 3న వచ్చింది. అందులో జానిస్ లెస్టర్ అనే ఆవిడ కిర్క్ మొహం మీదే అంటుంది, నీ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్లకు చోటు లేదని. అది అన్యాయమేనని కిర్క్ కూడా ఒప్పుకుంటాడు. జాతులన్నీ సమానమైపోయిన ఇరవై మూడో శతాబ్దం అది! లొసుగంటే అదీ, ఓడ ఓడంతా పట్టేంత లొసుగు. దానికి మాత్రం మనవాళ్లు క్షణాల్లో మాట్లు వేశారు. ఆవిడకు మతి చలించింది కాబట్టి ఆ మాట లెక్కలోకి రాదన్నారు. కిర్క్ జీవితంలో పెళ్లాం పిల్లలకు చోటు లేదని దాని భావం అన్నారు. ఇంత దయగా, ఇంత త్వరగా క్లింగాన్ నుదురు గురించి ఎవరూ సర్దుకోలేదు.

1995లో 'వాయేజర్' అనే సీరియల్ వచ్చింది. కెప్టెన్ కుర్చీలో కేథరిన్ జేన్‌వేను కూర్చోబెట్టింది. ఇంటికి డెబ్భై వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయిన ఓడను ఏడేళ్లపాటు నడిపి, సిబ్బందిని వెనక్కి తెచ్చిన మనిషి. మొదట్లో ఒక ఎపిసోడ్‌లో, ఓడలో ఉన్న టార్పెడోలు 38, అయిపోతే మళ్లీ తయారుచేసుకునే దారి లేదు అని ఒక మాట వినబడింది. అంతే, అభిమానులు నోటుపుస్తకాలు తీశారు. కోడలి నూనె డబ్బా మీద గీత గీసి పెట్టుకున్న అత్తగారిలా, పేలిన ప్రతి టార్పెడోకూ ఒక గీత. లెక్క 38 దాటింది, పేలుళ్లు ఆగలేదు. ఎక్కణ్నించి వచ్చాయమ్మా ఇవన్నీ అని పంచాయితీ పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. మరి కిర్క్ దొర మూడు సీజన్లలో ఎన్ని కాల్చాడయ్యా అంటే, ఆయనకు కోటా ఎంతో ఏ ఎపిసోడ్‌లోనూ చెప్పలేదు కాబట్టి ఆ ప్రశ్న చెల్లదట.