తప్పెంతో చెప్పని అంచనా

మొన్న కలకత్తాలో డన్‌లప్ కూడలి దగ్గర జామ్‌లో మా బస్సు ఇరవై నిమిషాలు కదల్లేదు. పక్కనే ఓ మిఠాయి దుకాణం. ఇంటికొచ్చాక ఫోను అడిగింది, ‘ఆ దుకాణం ఎలా ఉంది?’ అని. నేను గడప తొక్కితేగా! ‘అది ఊహించింది తాతయ్యా, వదిలెయ్’ అంది మనవరాలు.

ఊహించినందుకు కాదు నా కోపం. దుకాణమై ఉండటానికి అరవై పాళ్లు, బస్సై ఉండటానికి నలభై పాళ్లు అని లోపల లెక్కేసుకునే ఉంటుంది. చెప్పేటప్పుడు ఆ నలభైని మింగేస్తుంది.

నేను 1967లో వాల్తేరు నుంచి హౌరా మెయిలెక్కి బరానగర్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాను. చేత్తో తిప్పే యంత్రాల మీద లెక్కలు. జవాబు పక్కన స్టాండర్డ్ ఎర్రర్, అంటే అది ఎంత అటూ ఇటూ కావచ్చో, రాయకపోతే మేష్టారు కాగితం చూసేవారే కాదు. ఆ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన మహలనోబిస్ గారు 1937 నుంచి బెంగాల్లో జనపనార సర్వేలు చేయించారు. అప్పుడే ఆయన ఓ పద్ధతి పెట్టారు: ఒకే ప్రాంతంలో రెండు నమూనాలు తీసి, రెండు బృందాలను విడివిడిగా పంపడం. ఇద్దరి అంకెలూ ఎంత తేడాగా వస్తే అంచనా అంత వదులుగా ఉన్నట్టు. పొలాల్లో బురద తొక్కుతూ తిరిగే పనికి రెట్టింపు కాపలా! తమ తప్పును తామే పట్టుకోవడానికి అంత కష్టపడ్డారు.

మన సి.ఆర్. రావు గారూ ఆంధ్రా యూనివర్సిటీలో చదివి 1941లో ఇక్కడికే వచ్చారు. ఎంత తెలివైన పద్ధతి వాడినా, ఒకవైపు మొగ్గని అంచనాలోని చాంచల్యం ఒక హద్దుకంటే తగ్గదని 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో నిరూపించారు. అప్పటికి పాతికేళ్లు. చేతిలో ఉన్న అంచనాను మెరుగుపరిచే దారీ ఆ వ్యాసంలోనే చూపారు. కదిలే మనిషి ఎక్కడున్నాడో యంత్రం పసిగట్టే పద్ధతుల్లో కొన్నింటికి నేటికీ రావ్-బ్లాక్‌వెల్ పేరే. ఆ పేరు వాడుకునేవాళ్లు ఆ హద్దును మరిచిపోతే నాకు ఒళ్లు మండుతుంది.

మ్యాపులో నా చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుంది. ఉత్తర కలకత్తా సందుల్లో అది పెద్దదవుతుంది. ‘ఇక్కడే ఎక్కడో ఉన్నావు’ అని ఒప్పుకుంటుంది. ఆ ఒక్కటీ మా కాలపు మర్యాద. కారు పిలిచినప్పుడూ ఆ మర్యాదే కావాలి. ‘4 నిమిషాలు’ అని గట్టిగా చెప్పకుండా ‘4 నుంచి 12’ అంటే, ఈ మోకాళ్లతో వైశాఖపు ఎండలో గేటు దగ్గర నిలబడను.