ఐదు, ఏడు, మూడు

రేడియో కార్ల పందేలు జరిగే ప్రతి ట్రాక్ దగ్గరా ఇతనొకడు తప్పకుండా ఉంటాడు. డాలస్ శివార్లలో అయితే తెలుగు కూడా మాట్లాడతాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు మట్టి ట్రాక్. "అన్నా, బాగున్నావా?" అని పలకరిస్తే "ఐదు, ఏడు, మూడు" అంటాడు. కంగారు పడకండి, అది క్షేమసమాచారమే. అసలు కారులో ఎనిమిదో వంతుండే తన బగ్గీకి ముందు డిఫరెన్షియల్‌లో (వాళ్ళ భాషలో డిఫ్) ఐదు వేల చిక్కదనమున్న ఆయిల్, మధ్య డిఫ్‌లో ఏడు వేలది, వెనక మూడు వేలది పోశాడన్నమాట. పోయిన వారం ఏడు, ఏడు, ఐదు. అప్పుడు మనిషి కాస్త దిగాలుగా ఉన్నాడు.

డిఫరెన్షియల్ ఎందుకని అతన్ని అడిగితే తెల్లారుతుంది కాబట్టి నేనే చెప్పేస్తాను. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఏదో ఒకటి ఈడ్చుకుపోతుంది. ఎవరి వేగం వాళ్ళకిచ్చి ఆ తగాదా తీర్చేది డిఫ్. పందెం కార్లలో ఆ డిబ్బీ నిండా సిలికాన్ ఆయిల్ పోస్తారు. ఆయిల్ ఎంత చిక్కనైతే చక్రాలకు అంత తక్కువ స్వేచ్ఛ. నీళ్ళ చిక్కదనం ఒకటి అనుకుంటే, ఇతని అలమరలో సీసాలు వెయ్యి దగ్గర మొదలై పది లక్షల దాకా వరసగా నిలబడి ఉంటాయి. పది లక్షలది బోర్లిస్తే చుక్క కిందికి దిగేలోపు కాఫీ తాగి రావచ్చు. వాళ్ళావిడ ఒకసారి ఆ సీసా ఎత్తి చూసి, "ఇది తీగపాకమా, ముదురుపాకమా?" అంది. అతనికి కోపం రాలేదు. ఇంట్లో ఇన్నాళ్ళకి ఒకరు సరైన ప్రశ్న వేశారని పొంగిపోయి, ముప్పావుగంట జవాబు చెప్పాడు.

ఇక గరాజ్‌లో జరిగే తంతు. డిఫ్ విప్పుతాడు. పాత ఆయిల్ వంచి, గేర్లను స్ప్రే కొట్టి కడిగి, ఒక్కొక్క పన్నూ దీపం కింద పెట్టి చూస్తాడు. షిమ్ములు సరిచూస్తాడు. ఓ-రింగులకు గ్రీజు రాస్తాడు. అడ్డపిన్ను మునిగీ మునగనట్టుగా కొత్త ఆయిల్ పోస్తాడు. నిండా పోస్తే వేడికి ఉబ్బి సందుల్లోంచి కారుతుందని అతని భయం. ఇది మాత్రం న్యాయమైన భయమే. తరవాత తూకం.

"ఏమండీ, నా కాటా ఏదీ? కేకు పిండి తూచాలి."

"రెండు నిమిషాలాగు. పదో వంతు గ్రాము తేడా వస్తోంది."

గ్రాములో పదో వంతు చూపించే కాటా వంటింటికి ఎందుకని ఆవిడ అప్పట్లో అడగలేదు. అడిగి ఉండాల్సింది.

తూకం అయ్యాక బుడగలు పైకి తేలేదాకా నిరీక్షణ. ఆ పైన కాగితం గాస్కెట్ పెట్టి, మూతకున్న స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తాడు. ఇలా మూడు డిఫ్‌లు. మధ్యదాని దగ్గర ఇంకా ఆలస్యం. అందులో ఆయిల్ పలచనైతే యాక్సిలరేటర్ నొక్కగానే బలమంతా తేలికైన ముందు చక్రాలకు పారిపోయి అవి ఊరికే తిరుగుతాయి. చిక్కనైతే నాలుగూ కలిసి తోస్తాయి గానీ గతుకుల్లో కారు మొరాయిస్తుంది. ఈ రెంటి మధ్య ఎక్కడుండాలో తేల్చుకోవడానికే అతను ఉగాది పండగపూట గరాజ్‌లో గడిపాడు.

ఒకరోజు ఏడున్నర వేల ఆయిల్ అయిపోయింది. ఐదు వేలదీ పది వేలదీ సగం సగం కలిపాడు. హైస్కూలు చదివే కొడుకు అటుగా వచ్చాడు. "నాన్నా, అలా కలిపితే ఏడున్నర రాదు. ఏడు వేల చిల్లరే వస్తుంది. చిక్కదనానికి మామూలు సగటు పనికిరాదు, లాగరిథమ్ వేయాలి." నిజమే, లెక్కేస్తే ఏడు వేల డెబ్బై దగ్గర తేలుతుంది. ఇంకొకడైతే నవ్వి ఊరుకునేవాడు. ఇతను మాత్రం తొడ చరిచి, "అందుకే! పోయిన నెల ఇలాగే కలిపితే మూడో మలుపులో తోక జారింది!" అన్నాడు. కొడుకును వచ్చే వారం నుంచి తన టేబుల్ దగ్గర కూర్చోమన్నాడు. వాడు మళ్ళీ అటుగా రాలేదు.

రెండు చక్రాలకే బలమిచ్చే పదో వంతు కార్ల మాటెత్తితే ఇతనికి బాల్ డిఫ్ గుర్తొస్తుంది. అందులో పళ్ళ బదులు చిన్న గుండ్లు, రెండు పలకల మధ్య. కాలిఫోర్నియాలో టీమ్ అసోసియేటెడ్ వాళ్ళు 1984లో తెచ్చిన ఆర్‌సీ10 దగ్గర మొదలుపెట్టి, టంగ్‌స్టన్ కార్బైడ్ గుండ్ల దాకా లాక్కొస్తాడు. గుండ్లకు సిలికాన్ గ్రీజు, థ్రస్ట్ బేరింగుకు నల్ల గ్రీజు. ఒకదాని చోట ఇంకోటి పూసినవాడితో మాట్లాడడు. బిగింపు చూడటానికి ఒక చేత్తో స్పర్ గేరునూ ఒక చక్రాన్నీ కలిపి పట్టుకుని రెండోదాన్ని తిప్పాలి. జారకూడదు. జారనిచ్చి నడిపితే పలకల మీద గాడి పడుతుంది. పక్కవాడి డిఫ్ జారుతుంటే ట్రాక్ ఇవతలి నుంచి చెవితోనే పసిగట్టి, వాడి ఓటమికి వాడికంటే ముందే బాధపడతాడు.

ఇంత చేసి పందెమో? మొదటి క్వాలిఫయింగ్‌కు మైకులో పేరు పిలిచారు. "బుడగలింకా తేలలేదు" అని చెయ్యూపాడు. రెండోదాంట్లో దిగాడు. మూడో ల్యాపులో జంపు మీద కారు పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. "వెనక రెండున్నర వేలు వేయాల్సింది" అన్నాడు. ఆకాశం వైపు చక్రాలు పెట్టిన కారుకు ఆయిల్‌తో పనేమిటని అడగబోయి ఊరుకున్నాను.

మట్టి ట్రాక్ మీద గెలుపోటములు మొదట టైర్లలో ఉంటాయి. తరవాతే డిఫ్. ఈ సంగతి అతనికీ తెలుసు. కానీ టైరును రిమ్ముకు అంటిస్తే పని ముగిసింది. విప్పి చూడటానికి లోపల ఏముంది?

అయినా ట్రాక్‌లో ఎవరి డిఫ్ కారినా నేరుగా ఇతని టేబుల్ దగ్గరికే వస్తారు. తన పందెం మానేసి బాగుచేసి పంపిస్తాడు, డబ్బు ముట్టడు. అతను బాగుచేసిన డిఫ్‌తో ఇతరులు గెలుస్తారు. అప్పుడు అతని మొహం చూడాలి.

కొత్తగా ఈ సరదాలో దిగేవాళ్ళకు ఒక మాట. వాడిన డిఫ్ కొనాలనుకుంటే ఇతని దగ్గరే కొనండి. లీకుండదు, పళ్ళు అరిగి ఉండవు, విప్పినన్నిసార్లు నడిపి ఎరగడు. లోపల ఎంత ఆయిల్ పోశావని మాత్రం పందెం అయ్యాకే అడగండి.